పణ్యము, శిల్పము, నియోగము: పెనుగొండ సీమ బడుల చరిత్రము

ఉద్యోగమను సంస్కృతశబ్దము తెనుగున బడిన పాట్లు విచారింపదగియున్నవి. "యుజ్" ధాతువునకు ముందు "ఉత్" అను నుపసర్గమును, పైని ఘఞ్ ప్రత్యయమును జేరి, గుణమును కుత్వమును గలిగి యీ రూపము సిద్ధించినది. పైకి లేచి పనికి బూనుట, యత్నించుట యని దీని యర్థము. భారతమునందలి ఉద్యోగపర్వమున గల యుద్యోగ మిదియే. పాండవులు పరుల కొలువున గుదిరిన కథ విరాటపర్వముతోనే ముగిసినది. తరువాతి పర్వమునకు ఆ పేరు కలిగినది వారు తమంత తాము పనికి బూనిరి గనుకనే. నేడన్ననో, "కుఱ్ఱవానికి ఉద్యోగము వచ్చినదా?" యని తెనుగిండ్ల నడుగు ప్రశ్నలో ఈ యర్థము లేశమైనను లేదు. స్వయముగా నొక యంగడి పెట్టి నలుగురికి కూడు పెట్టుచున్నవానిని గూర్చియు "ఉద్యోగము రాలేదు, ఏదో వ్యాపారము చేసికొనుచున్నాడు" అని జాలితో జెప్పుకొందురు. ధాత్వర్థమును బట్టి చూచినచో ఆ యంగడివాడే యుద్యోగి. నెలజీతమునకు కాచుకొని కూర్చున్నవాడు కాడు.

శబ్దార్థములు మాఱుట వింత కాదు. వ్యవసాయమనగా సంస్కృతమున నిశ్చయము, పూనిక, తెనుగున సేద్యము. అయినను సేద్యమునకు పూనిక కావలయును గనుక ఆ మాఱ్పు సహించుకొనదగినదే. ఉద్యోగ శబ్దమునకు గలిగినది అట్టిది కాదు. ఇంచుమించు విపరీతార్థమే వచ్చినది. దీనికి కారణము నిఘంటువులలో దొరకదు, బడుల చరిత్రలో వెదకవలసియున్నది. బడిపిల్లలకు స్వయంకల్పనాశక్తియు, తమంత తామొక పనిని తలపెట్టి నడపగల సాహసబుద్ధియు నేర్పవలయునని యిప్పటి విద్యాధికారులు చెప్పుచున్నారు. మునుపెన్నడును లేని విషయమువలె చెప్పుచున్నారు. పూర్వపు బడులలో ఈ రెండును ఎంతవఱకుండెనో, ఎచ్చట లోపించెనో, ఎట్లు నశించెనో ఒక్క సీమను బట్టి చూచుట యుక్తము. అందులకు హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూడూళ్ళ సీమ తగియున్నది. ఏలనన ఆ సీమ యంతర్భాగముగా గల బళ్లారి మండలపు బడులను గూర్చి 1823వ సంవత్సరపు నివేదిక యొకటి నిలిచియున్నది.

పాణిని నాలుగవ యధ్యాయపు నాలుగవ పాదమున ఠక్ ప్రత్యయమును పెక్కర్థములందు విధించెను. ఏ వస్తువు ఒకనికి పణ్యమో, అనగా అమ్ముడు సరకో, ఆ వస్తువాచకముపై నిది వచ్చును. అప్పము లమ్మువాడు ఆపూపికుడు. ఏది యొకనికి శిల్పమో దానిపైని వచ్చును. మృదంగము వాయించుట శిల్పముగా గలవాడు మార్దంగికుడు. ఎచ్చట నొకడు నియుక్తుడో ఆ స్థానవాచకముపైని వచ్చును. శుల్కశాలయందు, అనగా సుంకపు ఠాణాలో, నియమింపబడినవాడు శౌల్కశాలికుడు. సరకు గలవాడును, చేతిపని గలవాడును, కొలువు గలవాడును వ్యాకరణమున నొక్క ప్రత్యయముతోనే, ఒక్క విధమైన యాదివృద్ధితోనే సిద్ధింతురు. వీరిలో నొకడు మేలు, ఒకడు కీడు అని సూత్రకారుడు చెప్పలేదు. చిత్రమేమనగా, ఈ మూడూళ్ళును ఈ మూడర్థములకు వరుసగా నుదాహరణములు. హిందూపురము పణ్యము, బెల్లమునకు, చింతపండునకు పేరుపడిన బజారు. ధర్మవరము శిల్పము, పట్టునేత. పెనుగొండ నియోగము, 1565లో తళ్ళికోట యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగర రాజ్యపీఠమును తెచ్చి నిలిపిన దుర్గము, ఆంగ్లేయుల పాలనలో సబుకలెక్టరు కచ్చేరి గల యూరు. 19వ శతాబ్ది చివర గుంతకల్లునుండి బెంగుళూరునకు వేసిన యినుపదారి యీ మూటిని ఒక్క త్రాట గ్రుచ్చినది.

1800లో నైజాము దత్తము చేసిన మండలములకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వఱకుండెను. 1808లో దత్తమండలములు బళ్లారి, కడప యని రెండుగా విభక్తమైనవి. ఈ మూడూళ్ళును బళ్లారి మండలమున జేరి, 1882లో అనంతపుర మండల మేర్పడువఱకు అందే యుండెను. మన్రో 1820లో చెన్నపురికి గవర్నరై వచ్చి, 1822 జూన్ 25వ తేదీని ఒక యాజ్ఞ వ్రాసెను: ప్రతి కలెక్టరును తన మండలమున బడులెన్ని, చదువువారెందఱు, ఏ కులమువారు, ఎంతకాలము, ఏ పుస్తకములు చదువుదురు, గురువునకు ఇచ్చునదేమి యని తెలిసికొని పంపవలయునని. బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీని తన యుత్తరము పంపెను.

సాహిత్యపరులకు క్యాంబెల్ అపరిచితుడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడితడే. తెనుగు మొదలగు దక్షిణభాషలు సంస్కృతజన్యములు కావని ఎల్లిసు దొర వ్రాసిన ప్రసిద్ధవ్యాసము ఆ వ్యాకరణమునకు తోడుగా నచ్చుపడినదే. తక్కిన కలెక్టరులు పెక్కురు పట్టికలు నింపి పంపి యూరకుండిరి. ఇతడు పిల్లవాడు పలకను దేనితో తుడుచునో కూడ వ్రాసెను. భాష నెఱిగినవానికే యట్టి కన్నుండును. ఈ నివేదికను 1983లో ధర్మపాల్ తన "ది బ్యూటిఫుల్ ట్రీ" యను గ్రంథమున మరల నచ్చువేయగా, చదువరులకు సులభమైనది.

మండలమున నప్పుడు 533 బడులుండెను. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీ 23, అరవము 4, పారసీకము 21, సంస్కృతము 23, ఆంగ్లము 1. తెలుగుబడులకంటె కన్నడబడులు తొమ్మిది యెక్కువ; హిందూపుర ప్రాంతపు టెల్లలలో రెండు భాషలును ఒక్క యింటిలో వినబడుట యెఱిగినవారికి ఇది వింత కాదు. చదువువారు మొత్తము 6,641 మంది. బడి యొక్కటికి సగటున పండ్రెండుగురు. ఈ 533 బడులలో ఒక్కటియైన ప్రభుత్వమునుండి ధనసాహాయ్యము పొందలేదని క్యాంబెల్ స్పష్టముగ వ్రాసెను. బడిని పోషించినది తల్లిదండ్రుల సంపాదన. ఆ సంపాదన యెక్కడిదో ముందు చూడవలసియుండును.

అయిదేండ్ల ప్రాయమున బాలుడు బడిలో జేరును. ఆనాడు గురువును తక్కిన పిల్లలును ఆ యింటికి బిలువబడి గణపతి విగ్రహము చుట్టును గూర్చుందురు. గురువు బాలుని వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించును. మఱునాటినుండి బడి. ఉదయమున ఆఱు గంటలకు బడి తెఱచునప్పుడు మొదట వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, మెల్లగానే, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చువారికి వరుసగ నొక్కొక్కటి యెక్కువ. ప్రాతఃకాలముననే కూడికలెక్క మొదలైనదన్నమాట!

సాధారణముగ పిల్లలు నాలుగు తరగతులుగా నుందురు. ఇసుకలో నక్షరములు దిద్దుట మొదటిది. తరువాత గుణింతములు, ఒత్తులు; మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. అటుపైని పలక. ఈ పలకను క్యాంబెల్ వర్ణించినది చదువదగినది. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల కొయ్యను నునుపుచేసి, దానిపై అన్నమును బొగ్గుపొడిని గలిపి పూయుదురు. దీనికి బదులు గుడ్డను గంజితో బిఱుసుగా జేసి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును కొన్ని జిగురులును గలిపి పట్టించినది మఱియొకటి కలదు. అదియే కడితము. రెండింటిపైని బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

ఈ కడితమను వస్తువు బడిదే కాదు. కోమటి యంగడిలో చిట్టా వ్రాసినది కడితముపై. గ్రామకరణము లెక్క వ్రాసినది కడితముపై. బాలుడు బడిలో చేతబట్టిన సాధనమును పెద్దవాడై యంగడిలోను అదే విధముగ బట్టెను. బడికిని బజారునకును నడుమ గోడ లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలయునా? నేటి విద్యార్థి బడిలో వ్రాయు పుస్తకమునకును, వాని తండ్రి యంగడిలో వాడు పుస్తకమునకును సంబంధమే లేదు.

లెక్కలలో బాలునికి పడిన శ్రమ భిన్నములతోడిది. ఆంగ్లబడులలో పదింటి చొప్పున విభజింప, ఈ బడులలో నాలుగింటి చొప్పున విభజించుచు చాల దూరము పోవుదురని క్యాంబెల్ ప్రత్యేకముగ గుర్తించెను. కాలు, కాలులో కాలు వీసము, వీసములో కాలు కాని. ఇవియు, కూడికల గుణకారముల ఎక్కములును, కొలతలు, తూనికలు, మానములును దినమునకు రెండుమాఱులు పిల్లలందఱు వరుసలుగా నిలుచుండి యొకడు పలుకగా పలుకవలయును. ఇది వట్టి చిలుకపలుకు కాదు. బెల్లము మణుగు ఒక రూపాయి రెండణాలకు ధర తెగినదనుకొన్నచో, మణుగునకు ఎనిమిది వీసెలు గనుక వీసె రెండణాల కాలణా యని, కాటా దిగులోపల నోట చెప్పగల బాలునికి బేరమునకు భయములేదు. తండ్రి యంగడిలో లేని మధ్యాహ్నమున సరకు కొనవచ్చిన రైతుతో పదేండ్లవాడు మాటాడి నిలువగలుగుట సామాన్యమైన సామర్థ్యము కాదు. ప్రయత్నబుద్ధి యనునది ఉపన్యాసములవలన గలుగదు. లెక్క తప్పదను ధైర్యమువలన గలుగును.

పై తరగతులలో ఉత్తరములు, ఒడంబడికలు వ్రాయుట నేర్పుదురు. కచ్చేరి నౌకరులవద్దను, కరణములవద్దను నిజమైన కాగితములు ఎరవు తెచ్చి, వేఱువేఱు చేతివ్రాతలు చదువుట యలవాటు చేయుదురు. పత్రము వ్రాయనేర్చినవాడు ఎదుటివాడు వ్రాసిన పత్రములో మోసము నెఱుగును.

ఇక బోధించు పద్ధతి. క్రింది తరగతులకు పై తరగతి బాలుడే చెప్పును. గురువు పై తరగతి చూచుకొనుచు బడియంతటిపై కన్ను వేసియుండును. చెప్పుటవలన చెప్పువానికి విద్య గట్టిపడును. ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీని ననుకరించుట యుచితమే యనియు క్యాంబెల్ వ్రాసెను. అనుకరించిన కథ లోకవిదితము. ఆండ్రూ బెల్ అను మతగురువు 1789 ప్రాంతమున చెన్నపురి ఎగ్మూరు అనాథబాలుర బడికి అధికారిగా నుండి, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుచు ఒకరికొకరు చెప్పుకొనుట చూచి, ఆ రీతిని తన బడిలో బెట్టి, 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఐరోపా యంతట అది "మద్రాసు పద్ధతి" యను పేర వ్యాపించెను. తెనుగు వీధిబడి యరుగు మీది యుపాయము సముద్రము దాటి కీర్తికెక్కినది. అరుగు మాత్రము కూలిపోయినది.

ఇంతవఱకు చెప్పినది గుణపక్షము. దోషపక్షమును క్యాంబెల్ దాచలేదు, దాచుట తగదు కూడ. రామాయణ భారత భాగవతములు అన్ని కులముల పిల్లలును చదువుదురు. పనివాండ్ర కులముల పిల్లలు విశ్వకర్మపురాణము మొదలైన తమ మతగ్రంథములను, లింగధారులు చెన్నబసవేశ్వర పురాణము మొదలగువానిని చదువుదురు. వినోదమునకు పంచతంత్రము, భేతాళ పంచవింశతి. నిఘంటువులలో అమరము, ఆంధ్రనామసంగ్రహము. కాని వేలకొలది పద్యములు వప్పగించు బాలునికి వాని యర్థము తెలియదు. గురువునకును తఱచు తెలియదు. గ్రంథభాష వేఱు, ఇంటి భాష వేఱు. అర్థము చెప్పువాడు లేనిచో కంఠపాఠము చిలుకకును బాలునికిని సమానమే యని యాతని తాత్పర్యము. గ్రాంథికమును ఆదరించువారికి ఈ మాట చేదుగా నుండవచ్చును. అయినను ఇది శత్రువు పలికినది కాదు, తెనుగునకు వ్యాకరణము వ్రాసినవాడు పలికినది. దోషము పద్యములది కాదు. పంచతంత్రమును పద్యముగా వప్పగించి, ఆ కథలోని వర్తకుడు ఏల మోసపోయెనో, తానైనచో నేమి చేసియుండెడివాడో యని బాలునొకమాఱు అడుగని గురువుది. ఒక్క ప్రశ్న యడిగినచో అదే పుస్తకము కల్పనాశక్తికి పెరటిబావి యగును.

అట్లయినచో కల్పనాశక్తి యీ సీమలో నెచ్చట నుండెను? మగ్గము దగ్గర నుండెను. భర్తృహరి వాక్యపదీయమున ప్రతిభను గూర్చి చెప్పుచు, అది సర్వప్రాణులయందును గలదనియు, వసంతమున కోకిల స్వరమును మార్చుటయు పక్షులు గూళ్ళు కట్టుటయు ఒకరు నేర్పినవి కావనియు జెప్పెను. ఆ ప్రతిభ కలుగు కారణములలో స్వభావముతోపాటు అభ్యాసమును లెక్కించెను. అదే గ్రంథపు మొదటి కాండమున, మణుల యొక్కయు నాణెముల యొక్కయు మేలిమిని పరీక్షకులు గుర్తించుట అనుమానప్రమాణముచేత గాదనియు, అభ్యాసమువలననే కలుగు నా జ్ఞానమును వారు పరులకు మాటలతో జెప్పజాలరనియు వ్రాసెను. వైయాకరణుడై యుండి, మాటలకు లొంగని జ్ఞానమొకటి కలదని యొప్పుకొనుట గొప్ప సంగతి.

ధర్మవరపు నేతవారి బిడ్డలు నేర్చినది ఈ జాతి జ్ఞానమే. బిడ్డ మొదట కండెలు చుట్టును. తరువాత తెగిన పడుగుపోగును ముడివేయ నేర్చును. ఆ పిమ్మట తండ్రి భోజనమునకు లేచినప్పుడు మగ్గపు గుంటలో కాళ్ళు దింపి రెండు బెత్తెలు నేయును. ఏ పోగు ఎంత బిగువుండవలయునో చెప్పు పుస్తకము లేదు. అంచునకు క్రొత్త పని తీయవలసినప్పుడు కంటికి గనబడినదంతయు వానికి గురువే. హిందూపురమునకు సమీపమున నున్న లేపాక్షిలో 16వ శతాబ్దమున విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయము కలదు. అందలి లతామంటపపు స్తంభములపై ఒకదాని నొకటి పోలని తీగెపనులు చెక్కియున్నవి. కప్పుపై వ్రాసిన చిత్రములలో స్త్రీపురుషులు కట్టిన వస్త్రముల చాఱలు, గళ్ళు, పువ్వులు నేటికిని గనబడుచున్నవి. ధర్మవరపు చీరల యంచులలోనికి ఆ తీగెలు ఆ రాళ్ళమీదినుండియే దిగివచ్చినవని యీ సీమలో జెప్పుదురు. రాతినుండి నూలునకు తెచ్చుట అనుకరణ మాత్రము కాదు. వంపుతిరిగిన గీతను నిలువడ్డపోగుల లెక్కలోనికి మార్చవలయును. ఏ పోగు లేచునో ఏది పడునో ఎన్నవలయును. అది గణితమే, బడిలో జెప్పని గణితము.

పూర్వపు పద్ధతిలోని లోపమిచ్చటనే యున్నది. అంగడివాని కొడుకు లెక్కయు పత్రమును నేర్చెను గాని చేతిపని నెఱుగడు. నేతవాని కొడుకు చేతిపని నేర్చెను. కాని వానిలో పెక్కుమందికి పత్రము చదువ రాదు గనుక, తన పనికి వెల తాను కట్టలేక, నూలు అప్పుగా నిచ్చిన షావుకారు కట్టిన వెలకు తల యొగ్గెను. శిల్పమొకచోట, పణ్యమొకచోట. రెండును ఒక్క బాలునియందు గూడినప్పుడు గదా స్వతంత్రమైన ప్రయత్నము!

బడిలో జేరినవారెవరో చూడుడు. బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, తక్కిన కులములవారు 1,174, మహమ్మదీయులు 243. బ్రాహ్మణులొక్కరే చదివిరను వాడుకమాట దీనిచే కొట్టుపడును; శూద్ర బాలురే యందఱికంటె నెక్కువ. బాలికలన్ననో మొత్తము 60 మంది: బ్రాహ్మణ బాలికలు ఇద్దఱు, వైశ్య బాలిక యొక్కతె, శూద్ర బాలికలు 26, తక్కిన కులముల బాలికలు 31. బళ్లారి మండలమంతటను వైశ్య బాలిక యొక్కతె! ఆమె యే యూరిదో, ఏ యంగడివాని కూతురో. ఇంచుమించు పదిలక్షల జనులలో బడికి పోవువారు ఏడువేలైనను లేరని క్యాంబెల్ విచారపడెను. కావున ఆ బడులను స్వర్ణయుగముగ వర్ణించుట సత్యమునకు దూరము.

అయినను ఆయన చెప్పిన మఱియొక మాట గొప్ప మాట. పూర్వము బడులున్న గ్రామములు పెక్కింట నిపుడు బడులు లేవు. పెద్ద బడులున్నచోట ధనికుల పిల్లలు కొందఱు మాత్రము చదువుచున్నారు. దీనికి కారణము దేశము క్రమముగ దరిద్రమగుట యని యాతడు వ్రాసెను. హిందూదేశపు నూలుబట్టలకు బదులు ఐరోపా సరకు వచ్చుటచే పనివాండ్రు జీవనము కోల్పోయిరి. సేనలు దూరదేశములకు తరలిపోగా ధాన్యమునకు గిరాకి తగ్గెను. దొరతనమువారి ధనము ఈ దేశమున వ్యయముగాక వెలికి పోవుచుండెను. కుంపిణీ కలెక్టరు కుంపిణీ గవర్నరుకే ఇట్లు వ్రాయుట సామాన్య సాహసము కాదు. బడిపిల్లవాని బుద్ధిమాంద్యమును గాని, తల్లిదండ్రుల మూఢతను గాని యాతడు నిందింపలేదు. మగ్గము నిలిచినది గనుక బడి నిలిచినదనెను. గురువుగారికి ఇచ్చు దుడ్లు నేతబట్ట యమ్మినవే యైనప్పుడు, బట్ట యమ్ముడు పోనినాడు ఇసుకలో దిద్దు వ్రేలును ఆగిపోవును.

మన్రో యీ నివేదికల నన్నింటిని జూచి 1826 మార్చి 10వ తేదీని తన నిర్ణయము వ్రాసెను. చెన్నపురి రాజధాని యంతటను 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. గురువులకు నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదు. అంతమాత్రమునకు సమర్థులు రారు. కావున జిల్లాబడుల గురువులకు నెలకు 15 రూపాయలు, తహశీలుబడుల గురువులకు 9 రూపాయలు ప్రభుత్వ మీయవలయుననెను. ఉద్దేశ్యము మంచిదే. 1827 జూలై 6న ఆయన పత్తికొండలో విషూచిచే మరణించెను. ఆయన పెట్టించిన బడులు 1836లో ఎత్తివేయబడెను. ఆ నడుమ 1835లో మెకాలే యభిప్రాయము నెగ్గినది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ఆంగ్లవిద్య నేర్చినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్య మీయవలయునని శాసించెను.

ఈ 1844 నాటి శాసనము బడియొక్క ముఖమును త్రిప్పివేసినది. అంతకు ముందు బడి బజారువైపునకు తిరిగియుండెను. ఇక కచ్చేరివైపునకు తిరిగినది. మూడూళ్ళలో పెనుగొండ గెలిచినది. కడితము పోయి కాగితపుదస్తా వచ్చెను. నాలుగింటి భిన్నములు పోయినవి. వానితో బేరపు లెక్కయు పోయినది. ఉత్తరములు వ్రాయ నేర్పుటకు బదులు అర్జీలు వ్రాయ నేర్పిరి. ఉద్యోగ శబ్దమునకు కొలువను నర్థము అంతకుముందే మొలకెత్తియుండవచ్చును గాని, తక్కిన యర్థములనెల్ల తినివేసి తానొక్కటియే నిలిచినది ఈ కాలముననే యనుట సమంజసముగ దోచుచున్నది. ఎల్లకు ఆవలి కన్నడమునను ఆ శబ్దమునకు ఇదే గతి పట్టుట గమనింపదగినది. శాసనమొకటి, అర్థసంకోచమొకటి. నగరమునకు పోయి పరీక్ష గట్టెక్కి గుమాస్తాయైనవాడు ఊరికి ఆదర్శపురుషుడయ్యెను. బెల్లపు మండీ పెట్టి నలుబదిమందికి పని యిచ్చినవాడు చదువబ్బనివాడయ్యెను.

ఈ గోడను పడగొట్టుటకు యత్నములు జరుగకపోలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని యధ్యక్షతను జరిగిన సభ చేతిపనిని కేంద్రముగ జేసికొని యేడేండ్ల విద్య గఱపవలయునని తీర్మానించగా, జాకీర్ హుస్సేన్ సంఘము దానికి పాఠ్యక్రమము వ్రాసెను. పనిని విద్యకు ప్రక్కన పెట్టుట గాక, పనినుండియే గణితమును భాషను పుట్టించుట అందలి విశేషము. పెక్కు బడులలో అది రాట్నమునకు పరిమితమై నిలిచిపోయినది.

1953లో మదరాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచార్యులు పెట్టిన పద్ధతి మఱియొక త్రోవ బట్టెను. పల్లె ప్రాథమికపాఠశాలలలో చదువు గంటలు తగ్గించి, మిగిలిన పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకొనవలయునని ఏర్పాటు. అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు అనంతపుర మండలమును ఆ ప్రభుత్వము క్రిందిదే. చాకలి కొడుకు చాకలిగ, మంగలి కొడుకు మంగలిగ నుండుటకే యిది యని దేశమెల్ల గగ్గోలెత్తెను. ఆక్షేపణము న్యాయమైనదే. తండ్రి పని బిడ్డకు నేర్పుటకు ప్రభుత్వ మక్కఱలేదు. ధర్మవరపు మగ్గము అది శతాబ్దములుగ చేయుచునే యున్నది. తండ్రికి రానిది నేర్పుటకే బడి. నేతవాని బిడ్డకు కావలసినది మగ్గము కాదు, వెలకట్టు లెక్క. అంగడివాని బిడ్డకు కావలసినది లెక్క కాదు, మగ్గము. ఆ పద్ధతి బిడ్డను తిరిగి యింటికే పంపినది. 1954లో కామరాజు ముఖ్యమంత్రియై దానిని రద్దుచేసెను.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతి లోపల విద్యార్థులందఱును పదిదినములు పుస్తకపు సంచి లేక వచ్చి, స్థానికులగు వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, చిత్రకారులు మొదలగువారియొద్ద పని నేర్వవలయునని విధించెను. 2016నుండి అటల్ ప్రయోగశాలలను పేర బడులలో యంత్రముల తునుకలిచ్చి పిల్లలచే క్రొత్త పరికరములు కల్పింపజేయు నేర్పాటును నడచుచున్నది. ఇంతలో పెనుగొండ చెంత ఎఱ్ఱమంచివద్ద 2019లో కియావారి కార్ల కర్మాగారము పని మొదలుపెట్టగా, నియోగమునకు క్రొత్త శుల్కశాల దొరకినది. 2022 ఏప్రిల్ 4న మూడూళ్ళును అనంతపురమునుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో జేరినవి.

1953 నాటి పద్ధతికిని 2020 నాటి విధానమునకును ఒక భేదము స్పష్టముగ నున్నది. మొదటిది బిడ్డను తన యింటి పనికి పంపినది. రెండవది విద్యార్థులందఱును అనుచున్నది, అనగా పరుల పనికిని పంపుటకు చోటిచ్చినది. పదిదినములలో పట్టునేత రాదు. పడుగుపోగు ముడివేయుట మాత్రము వచ్చును. ధర్మవరపు గుంటలో ఆ పదిదినములు కాళ్ళు దింపి కూర్చుండునది హిందూపురపు బెల్లపు మండీవాని కూతురో, పెనుగొండ కచ్చేరి గుమాస్తా కొడుకో, లేక యెప్పటివలె ఆ మగ్గము యజమాని బిడ్డయేనో, ఆయా బడి పెద్దలు పట్టికలో వ్రాయు పేర్లను బట్టి తేలవలసియున్నది.